లెఫెవ్ర్ అనే ఫ్రెంచి ఇంటిపేరు: ఒక్క కమ్మరికి ఇన్ని స్పెల్లింగులెందుకు?

లీల్ తెలుగమ్మాయి:

అందరికీ నమస్కారం. ఉత్తర ఫ్రాన్సులో లీల్ ఊళ్ళో ఉద్యోగం నాది. మా ఆఫీసులో ఒకాయన ఇంటిపేరు ఎల్, ఈ, ఎఫ్, ఈ, బీ, వీ, ఆర్, ఈ. ఇంకొకావిడదీ అదే పేరు. కాకపోతే అందులో బీ లేదు, రెండో ఈ మీద చిన్న గీత ఉంటుంది. ఇద్దరినీ లెఫెవ్ర్ అనే పిలుస్తారు. అర్థం అడిగితే ఇద్దరూ "కమ్మరి" అన్నారు. కానీ ఇప్పటి ఫ్రెంచిలో కమ్మరిని ఫోర్జెరాన్ అంటారు కదా, మరి ఈ మాట ఎక్కడిది? పలకని ఆ బీని ఎవరు తెచ్చి పెట్టారు? ఇద్దరి పూర్వీకులూ ఒక్కరే అయ్యుంటారా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

నిఘంటువు:

మంచి పేరు పట్టుకున్నారండీ. దీని మూలం లాటిన్‌లోని ఫాబెర్. ఇనుము, కర్ర, కంచు, బంగారం, ఇలా గట్టి సరుకు మీద పనిచేసే ఏ పనివాణ్ణయినా రోమన్లు ఫాబెర్ అనేవారు. ఏ పనో చెప్పాలంటే ముందో వెనకో ఇంకో మాట చేర్చేవారు: ఇనుప పనివాడు ఫాబెర్ ఫెరారియుస్, కర్ర పనివాడు ఫాబెర్ లిగ్నారియుస్. లాటిన్ బైబిల్లో ఏసును "ఫాబెర్ కొడుకు" అంటారు, అక్కడ ఫాబెర్ అంటే వడ్రంగి. మన పంచాణం వారిలో కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, శిల్పి అందరూ ఒక గొడుగు కిందికి వచ్చినట్టే ఇదీ.

ఉత్తర ఫ్రాన్సు నోళ్ళలో ఆ మాట అరిగి ఫెవ్ర్ అయింది. "ల" చేరిస్తే లెఫెవ్ర్, అంటే ఆ ఊరి ఫెవ్ర్. కాలక్రమేణా అర్థం కుంచించుకుపోయి ప్రధానంగా ఇనుప పనివాడికే పరిమితమైంది. ఆ తర్వాత కొలిమిని బట్టి పుట్టిన ఫోర్జెరాన్ వచ్చి ఫెవ్ర్‌ని వాడుక నుంచి నెట్టేసింది. మామూలు మాటల్లో ఫెవ్ర్ మిగిలింది ఒక్క చోటే, ఒర్ఫెవ్ర్‌లో. అంటే బంగారపు ఫాబెర్, మన కంసాలి. పారిస్‌లో సేన్ నది ఒడ్డున పోలీసులకి పేరుపడిన కే దెజోర్ఫెవ్ర్ ఉంది చూడండి, అది కంసాళ్ళ ఒడ్డే.

పటం చూసేవాడు:

ఆ అరుగుదల అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. అందుకే ఈ ఇంటిపేరు రాత చూస్తే మనిషి మూలం ఏ దిక్కో చాలావరకు చెప్పొచ్చు. బీ ఉన్న లెఫెవ్ర్ అంటే నోర్, పా-ద-కలే, పికార్దీ ప్రాంతం. మీరున్న లీల్ దానికి నట్టనడుమ ఉంది. బీ లేనిది పికార్దీలోనూ ఉంది, నార్మండీ వైపూ ఉంది. పడమటికి, బ్రెటన్ సరిహద్దు దాకా పోతే నడుమ అచ్చు మారి యూ చేరిన లెఫవ్ర్. బుర్గోన్య్‌లో "ల" లేకుండా ఉత్త ఫెవ్ర్. జురా కొండల దగ్గర, దూ జిల్లాలో, ఫెవ్ర్ అనే పలుకుతారు గానీ నడుమ ఏ, ఐ అని రెండు అక్షరాలు రాస్తారు. సవ్వా, స్విట్జర్లాండు వైపు ఫావ్ర్.

దక్షిణాన లాటిన్ బీ చావలేదు. అక్కడ ఫాబ్ర్. లేదా ఆ బీ మెత్తబడి యూ అయి ఫోర్. గాస్కనీలో మాట మొదటి ఎఫ్ హెచ్ అయిపోతుంది కాబట్టి అదే పేరు ఓర్ అయింది. దక్షిణాది కమ్మరి పేర్లకి ముందు మామూలుగా "ల" ఉండదు, గమనించారా? "ల" తగిలించుకోవడం ఉత్తరాది అలవాటు.

ఫ్రాన్సులో ఫ్రెంచి కాని భాషలూ ఉన్నాయి, వాటికీ వాటి కమ్మరులున్నారు. బ్రెటన్‌లో ల గోఫ్. అల్సాస్‌లో ష్మిత్. బాస్క్‌లో కమ్మరి అరొట్స్, కొలిమి ఉన్న ఇల్లు అరొస్తెగి. ఫ్లెమిష్‌లో స్మెట్, ద స్మెట్. ఫ్రెంచివాళ్ళు నెత్తిన పెట్టుకున్న రాక్ గాయకుడు జానీ హాలిడే అసలు పేరు జాన్-ఫిలిప్ స్మెట్. తండ్రి బెల్జియం మనిషి. అంటే ఆయనా కమ్మరే.

మధురవాడ మాస్టారు:

ఇంగ్లండులో స్మిత్ మొదటి స్థానంలో ఉంది, జర్మనీలో ష్మిత్‌లు, ముల్లర్‌లు కోకొల్లలు. మరి ఫ్రాన్సులో మొదటి ఇంటిపేరు మార్తాన్ అని చదివాను. అక్కడ కమ్మరులు తక్కువా?

పటం చూసేవాడు:

తక్కువ కాదు మాస్టారూ, చీలిపోయారు. ఒక్క బీ ఉన్న రాతే ఫ్రాన్సులో మొదటి 20 ఇంటిపేర్లలో నిలుస్తుంది. దానికి బీ లేనిదీ, ఫోర్, ఫాబ్ర్, ఫావ్ర్, ల గోఫ్, ష్మిత్ అన్నీ కలిపి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మార్తాన్ అనేది సెయింట్ మార్టిన్ పేరు మీద వచ్చిన వ్యక్తి పేరు కాబట్టి ఉత్తరం, దక్షిణం తేడా లేకుండా దేశమంతా దాదాపు ఒకే రాత.

రికార్డు గది:

అమ్మాయిగారి మూడో ప్రశ్నకి వస్తాను, నాకు ఇష్టమైనది అదే. ఇద్దరి పూర్వీకులూ ఒకరే కావాలని ఏమీ లేదు. ఎక్కువగా కారు కూడా.

11వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా ఫ్రాన్సులో జనం పెరిగారు. జ్ఞానస్నానపు పేర్లేమో గుప్పెడే. ఒకే ఊళ్ళో ఎంతోమంది జాన్‌లు, పియేర్‌లు. పన్ను రాసుకునేవాడికి ఏ జాన్ అన్నది తెలియాలి. అందుకని పొట్టి జాన్, వంతెన దగ్గరి జాన్, కమ్మరి జాన్. ఊరంతా సేద్యగాళ్ళే అయినప్పుడు "సేద్యగాడు జాన్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. కొలిమి మాత్రం ఊరికి ఒకటే. నాగలి కర్రు, గొడ్డలి, తలుపు బందు, గుర్రపు లాడం, ఏది కావాలన్నా ఆ ఒక్కడి గుమ్మం తొక్కాలి. అందుకే ఆ పేరు ఊరూరా విడివిడిగా పుట్టింది. పక్క పక్క ఊళ్ళలో ఉన్న ఇద్దరు కమ్మరి జాన్‌లకి చుట్టరికం అక్కర్లేదు. కొడుకు కొలిమి వదిలేసి గొర్రెలు కాసుకున్నా పేరు మాత్రం అతణ్ణి అంటిపెట్టుకునే ఉంది. ఇంటిపేరుగా స్థిరపడ్డమంటే అదే.

పట్నాల్లో లెక్క వేరు. పారిస్‌లో 1268 ప్రాంతంలో ఎతియెన్ బువాలో అనే నగరాధికారి వృత్తి సంఘాల నిబంధనలన్నీ ఒకచోట రాయించాడు. అందులో ఫెవ్ర్ అన్న మాట కింద లాడాలు కొట్టేవాళ్ళు, బరమాలు చేసేవాళ్ళు, సైనికుల ఇనుప టోపీలు చేసేవాళ్ళు అందరూ వస్తారు. కాబట్టి "కమ్మరి" అని మనం అనుకునే పూర్వీకుడు పారిస్ మనిషైతే, జీవితంలో ఒక్క కర్రు కూడా సాగగొట్టకుండా శిరస్త్రాణాలే చేసి ఉండొచ్చు.

నిఘంటువు:

ఈ ఫెవ్ర్‌లందరికీ రక్షకుడు సెయింట్ ఎల్వా. 7వ శతాబ్దపు మనిషి. మొదట కంసాలి, దాగొబెర్ రాజుగారి దగ్గర కోశాధికారి, ఆ తర్వాత పికార్దీలోని నువాయోన్‌కి బిషప్. బంగారపు పనివాళ్ళు, ఇనుప పనివాళ్ళు, లాడాలు కొట్టేవాళ్ళు అందరూ డిసెంబరు 1న ఆయన పండగ చేసుకుంటారు. ఫాబెర్ అన్న పాత మాట విశాలత ఆయన పండగలో ఇంకా కనిపిస్తుంది.

లీల్ తెలుగమ్మాయి:

అందరికీ ధన్యవాదాలండీ. ఆఫీసులో చెప్పేలోపు ఆ బీ సంగతి కూడా తేల్చండి.

నిఘంటువు:

బీ లేఖరుల పని. మధ్యయుగాల చివర్లో కోర్టుల్లో, నోటరీల దగ్గర రాతపని చేసేవాళ్ళకి లాటిన్ బాగా వచ్చు. ఫ్రెంచి మాట రాసినా దాని లాటిన్ మూలం కంటికి కనపడాలని పాత అక్షరాలు వెనక్కి తెచ్చి గుచ్చారు. వేలుని ద్వా అంటారు, నడుమ పలకని జీ రాస్తారు, లాటిన్ డిగితుస్ కోసం. ఏడుని సెత్ అంటారు, పలకని పీ రాస్తారు, లాటిన్ సెప్తెమ్ కోసం. ఫాబెర్‌ని గుర్తు చెయ్యడానికి ఫెవ్ర్‌లో బీ అలాగే చేరింది. మామూలు మాటల్లోంచి అలాంటి అక్షరాలు కొన్ని తర్వాత పోయాయి గానీ, ఇంటిపేరు మాత్రం ఎవరి కాగితంలో ఎలా పడితే అలా ఉండిపోయింది.

ఇంకో విశేషం ఉంది. ఆ రోజుల్లో యూ, వీ రెండూ ఒకే అక్షరానికి రెండు ఆకారాలు. రెండింటినీ విడదీసి రాయడం 16వ శతాబ్దం నుంచి మెల్లగా మొదలైంది. పాత కాగితాల్లో లెఫెవ్ర్ నడుమ బీ తర్వాత యూ ఆకారం ఉంటుంది. పలుకు తెలిసినవాడు దాన్ని వీగా చదువుకున్నాడు. తెలియనివాడు కనపడింది కనపడినట్టు చదివాడు, లెఫెబ్యూర్ అయింది! చదవడంలో పుట్టిన ఈ రూపం కూడా ఇంటిపేరుగా నిలిచిపోయింది. 19వ శతాబ్దంలో పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించిన పేరుమోసిన విద్వాంసుడు లెఫెబ్యూర్-వెలీ ఈ కోవలోవాడే.

ఈ పేరు వెనక ఫాబెర్ ఉందని అప్పటివాళ్ళకి తెలుసా అంటే, తెలుసు. బైబిల్ని ఫ్రెంచిలోకి తెచ్చిన జాక్ లెఫెవ్ర్ పికార్దీ తీరంలోని ఎతాప్ల్ ఊరివాడు. పండితుల మధ్య లాటిన్‌లో ఆయన పేరు ఫాబెర్ స్తాపులెన్సిస్, అంటే ఎతాప్ల్ కమ్మరి. ఆయన కొత్త నిబంధన 1523లో అచ్చయింది, మొత్తం బైబిలు 1530లో ఆంట్‌వెర్ప్‌లో.

గుంటూరు కారం:

1539లో ఫ్రాన్స్వా రాజు విల్లేర్-కోత్రే శాసనంతో ఇంటిపేర్లన్నీ స్థిరం చేశాడని ఎక్కడ చూసినా ఉంటుంది. మరి ఆ తర్వాత కూడా ఇన్ని రాతలు ఎలా మిగిలాయి?

రికార్డు గది:

ఆ మాట చాలాచోట్ల కనిపిస్తుంది గానీ శాసనంలో ఇంటిపేరు ఇలాగే రాయాలని లేదు. జ్ఞానస్నానాలు రిజిస్టరులో ఎక్కించాలని చర్చి ఫాదర్లకు చెప్పింది, కోర్టు కాగితాలు లాటిన్‌లో కాకుండా ఫ్రెంచిలో రాయమంది. పెళ్ళిళ్ళు, మరణాలు కూడా తప్పనిసరిగా రాయించింది 1579 నాటి బ్లువా శాసనం. రిజిస్టరు ఉన్నంత మాత్రాన స్పెల్లింగు కుదురుకోదు. ఫాదరుకి వినపడింది రాశాడు, జనంలో చాలామందికి సంతకమే రాదు. తండ్రి మరణం నమోదులో బీ, కొడుకు పెళ్ళిలో బీ లేదు, మనవడి జ్ఞానస్నానంలో మళ్ళీ బీ. ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళు.

అసలు బిగింపు ఫ్రెంచి విప్లవంతో వచ్చింది. 1792 సెప్టెంబరు 20న రిజిస్టర్లు చర్చి నుంచి ఊరి మున్సిపాలిటీ చేతికి వచ్చాయి. విప్లవ క్యాలెండరు రెండో ఏడు ఫ్రుక్తిదోర్ 6న, అంటే 1794 ఆగస్టు 23న, జనన నమోదులో ఉన్న పేరు తప్ప ఇంకోటి పెట్టుకోకూడదని చట్టం చేశారు. ఆ నియమం ఇప్పటికీ అమలులో ఉంది. ఇక 1877 నుంచి పెళ్ళయిన ప్రతి జంటకీ కుటుంబ పుస్తకం ఇస్తున్నారు. ఇంట్లో పుస్తకం ఉండి, అది చూసే పిల్లల పేర్లు ఎక్కించడం మొదలయ్యాక రాతలు గడ్డకట్టాయి. మీ ఆఫీసులో ఇద్దరి మధ్య ఉన్న ఆ బీ తేడా అలా గడ్డకట్టిందే, అమ్మాయిగారూ.

ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఫ్రుక్తిదోర్ లాంటి నెలల పేర్లు కల్పించిందెవరో తెలుసా? ఫాబ్ర్ దెగ్లాంతీన్. ఇంటిపేరు ఫాబ్ర్, దక్షిణాది కమ్మరి. దెగ్లాంతీన్ అనే తోకని తనకి తనే తగిలించుకున్నాడు. 1794 ఏప్రిల్ 5న విప్లవ నాయకుడు దాంతోన్‌తో పాటు గిలటిన్ ఎక్కాడు. అదే ఏడు ఆగస్టులో, ఆయన పేరు పెట్టిన నెలలో, ఇలా పేర్లు తగిలించుకోవడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

మోంట్రియాల్ మావయ్య:

క్విబెక్‌లో ఈ పేరు మా వీధి వీధినా ఉంది. ఇక్కడికి వచ్చిన తొలి ఫ్రెంచి కుటుంబాలకి "డీ" పేర్లుండేవి, అంటే "ఫలానా అని పిలవబడే". ఒకే ఊళ్ళో లెఫెవ్ర్‌లు ఎక్కువైతే ఒకరు లెఫెవ్ర్ డీ దెకోతో, ఇంకొకరు లెఫెవ్ర్ డీ విల్‌మ్యూర్. కొన్ని తరాల తర్వాత కొందరు మొదటిది వదిలేసి దెకోతో అని మాత్రమే ఉంచుకున్నారు. కాబట్టి ఇప్పుడు పేరులో కమ్మరి లేకపోయినా వంశంలో ఉండొచ్చు.

బోస్టన్ బుజ్జి:

మావయ్యగారూ, సరిహద్దు దాటాక ఇంకా మారిపోయింది. 1840 నుంచి 1930 దాకా దాదాపు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు బట్టల మిల్లుల్లో పనికోసం, ఇతర పనుల కోసం అమెరికా వచ్చేశారు. ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో లెఫెవ్ర్ కాస్తా లఫేవ్, లెఫీవర్ అయింది. కొందరైతే ఏకంగా బీన్ అయిపోయారు! ఫ్రెంచిలో చిక్కుడు గింజని ఫెవ్ అంటారు. ఫెవ్ర్‌ని ఫెవ్ అనుకుని ఇంగ్లీషులోకి మార్చేశారు. న్యూ ఇంగ్లండులో బీన్ అనే ఇంటిపేరున్న వాళ్ళందరూ ఫ్రెంచివాళ్ళు కారు, స్కాట్లండు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ కొన్ని కుటుంబాలది మాత్రం ఈ దారే.

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి బ్రెట్ ఫావ్ర్ తెలుసుగా, గ్రీన్ బే ప్యాకర్స్ మాజీ ఆటగాడు. రాసేది ఫావ్రే, అందరూ పిలిచేది ఫార్వ్.

యానాం వాసి:

మా వైపు సంగతి ఒకటి కలుపుతాను. పుదుచ్చేరి, కారైకాల్, యానాం ఫ్రెంచి ఏలుబడిలో ఉన్నప్పుడు 1881 సెప్టెంబరులో ఒక ఉత్తర్వు వచ్చింది. కుల, మత ఆచారాల చట్టం వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వస్తామన్నవాళ్ళు ఒక ఇంటిపేరు ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. కొందరు అచ్చమైన ఫ్రెంచి పేర్లే తీసుకున్నారు. అందుకని పాత ఫ్రెంచి ఇండియా కుటుంబాల్లో ఫ్రెంచి వృత్తి పేరు కనపడితే తాత ఫ్రాన్సు నుంచి వచ్చాడనో, ఆ వృత్తి చేశాడనో అనుకోకూడదు. అది ఎంచుకున్న పేరు.

గుంటూరు కారం:

ఫెవ్రియే కూడా ఇందులోదేనా? ఫెరాన్? "ఫెర్" అంటే ఇనుమే కదా.

నిఘంటువు:

రెండూ కావు. ఫెవ్రియే అంటే ఫిబ్రవరి నెల. ఆ నెలలో పుట్టినవాడికో దొరికినవాడికో పెట్టిన పేరు. ఫెరాన్ అనేది బూడిదరంగు జుట్టు మీద వచ్చింది. ఇనుము రంగు అన్నంత వరకే సంబంధం, ఇనుప పనితో కాదు. చెవికి దగ్గరగా ఉందని కలిపేస్తే ఇంటిపేర్ల విషయంలో చాలా దూరం పోతాం.

ఇటు చూడగానే తెలియని చుట్టాలూ ఉన్నారు. పనివాడి చోటుని లాటిన్‌లో ఫాబ్రికా అన్నారు. అదే అరిగి ఉత్తరాన ఫోర్జ్, దక్షిణాన ఫార్గ, ఫోర్గ. లఫోర్జ్, లఫార్గ్, లఫోర్గ్ అన్నీ "కొలిమి" ఇంటిపేర్లే. మార్క్స్ అల్లుడు పోల్ లఫార్గ్, కవి జూల్ లఫోర్గ్ ఈ కొమ్మలోవాళ్ళు. పురుగుల జీవితాన్ని అంత ఓపికగా చూసి రాసిన జాన్-ఆన్రి ఫాబ్ర్, 1895 నుంచి 1899లో పదవిలో ఉండగానే పోయేదాకా ఫ్రాన్సు అధ్యక్షుడిగా ఉన్న ఫెలిక్స్ ఫోర్, పిరనీస్ కొండల పాదాన పామియేలో పుట్టిన సంగీతకర్త గాబ్రియెల్ ఫోరే కూడా ఈ ఫాబెర్ చెట్టు కొమ్మలే. నెపోలియన్ మార్షల్ లెఫెవ్ర్ మాత్రం పటం చూసేవాడి లెక్కకి కొంచెం ఎదురు. ఆయన పుట్టింది అల్సాస్‌లో రూఫాక్ ఊళ్ళో. అక్కడి కమ్మరి ష్మిత్ కావాలి, ఆయన పేరులో బీ కూడా ఉంది.

పటం చూసేవాడు:

ఎదురేమీ కాదు. మనుషులు కదులుతారు, పేరు పుట్టినచోటు మారదు. రాత చెప్పేది పేరు ఎక్కడ పుట్టిందో, మనిషి ఎక్కడ పుట్టాడో కాదు.

లీల్ తెలుగమ్మాయి:

ఇదంతా ఇద్దరికీ చదివి వినిపించాను. ఇద్దరూ వాళ్ళ వంశం వెతకాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బులు కట్టే సైట్లు తప్పవా?

రికార్డు గది:

తప్పకపోవడమేం లేదు. ప్రతి జిల్లాకీ సొంత రికార్డుల కార్యాలయం ఉంటుంది, దాదాపు అన్నీ రిజిస్టర్లను ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాయి. 75 ఏళ్ళు దాటిన జననాలు, పెళ్ళిళ్ళు ఎవరైనా చూడొచ్చు. మరణాల నమోదులకి ఆ గడువు వర్తించదు. ముందు ఇంట్లో పాత కుటుంబ పుస్తకం అడగమనండి, అందులో ఊరి పేరుంటుంది. ఊరు తెలియకపోతే ఏదీ కదలదు. ఊరు దొరికాక పదేళ్ళకోసారి వేసే పేర్ల పట్టీలున్నాయి, 1792 నుంచి. ఒక పెళ్ళి దొరికితే అందులో రెండువైపులా తల్లిదండ్రుల పేర్లుంటాయి, అలా ఒక్కొక్క తరం వెనక్కి పోవచ్చు. 1792కి ముందు చర్చి రిజిస్టర్లు.

పారిస్ కొమ్మ తగిలితే మాత్రం చిక్కు. 1871 మేలో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం చివరి రోజుల్లో నగర భవనంలో ఒక ప్రతి, న్యాయస్థాన భవనంలో రెండో ప్రతి రెండూ కాలిపోయాయి. 1860కి ముందు నమోదుల్లో మూడో వంతు దాకానే తిరిగి తయారుచెయ్యగలిగారు.

లీల్ తెలుగమ్మాయి:

బీ లేనావిడ వాళ్ళ ముత్తాత ఊరు పా-ద-కలేలోదట. భోజనం వేళ ఇద్దరం కూర్చుని చూస్తే విప్లవానికి కొంచెం ముందటి పెళ్ళి నమోదు ఒకటి దొరికింది. అంచులో ఫాదరు బీ పెట్టి రాశాడు. లోపల బీ లేదు. కింద పెళ్ళికొడుకు సంతకంలో వణుకుతున్న అక్షరాలు, బీ తర్వాత యూ ఆకారం. పెళ్ళికూతురు చోట క్రాసు గుర్తు, పక్కన "సంతకం రాదని చెప్పింది" అని ఫాదరు చేత్తో. ఒకే కాగితంలో మూడు రాతలు. ఇప్పుడు పట్టీల్లో ఏ రాత కింద వెతకాలి?

రికార్డు గది:

మూడింటి కిందా. ఆ పట్టీలు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి బీ ఉన్నదీ లేనిదీ వేరు వేరు చోట్ల పడతాయి. "ల" విడగొట్టి రాసి ఉంటే ఎఫ్ కింద కూడా చూడండి, చాలా ఊళ్ళలో అక్కడే ఉంటాయి. సంతకం పెట్టగలిగిన ఆ పెళ్ళికొడుకు తండ్రి పేరు, ఏ వృత్తి చేశాడో కూడా ఆ నమోదులోనే రాసి ఉండొచ్చు, ఇంకోసారి జాగ్రత్తగా చదవండి. చేతిరాత అర్థం కాకపోతే పేర్లు తెలియకుండా ఆ ఒక్క వరసని ఇక్కడ పెట్టండి, చదివిపెడతాను.